ఆపమని చెయ్యి చూపితే ఆగండి: ఒక ఖలాసీ కూతురి బహిరంగ లేఖ

విశాఖపట్నం జిల్లా అధికారులకు, ఊళ్లోని ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రుల పెద్దలకు, బ్యాంకు మేనేజర్లకు, వార్డుల్లో, కౌంటర్లలో పనిచేసే అన్నలకు, అక్కలకు,

నమస్కారం. మీ దగ్గర రద్దీ ఎంతుంటుందో లైన్లో నిలబడి చూసినదాన్నే కాబట్టి నాకు తెలుసు. మీలో చాలామంది మంచివాళ్లని కూడా తెలుసు. అందుకే సూటిగా విషయంలోకి వస్తున్నాను: మాట రాని మనుషులు చేసే సైగల్ని మీ దగ్గర పట్టించుకోవడం లేదు.

మా నాన్న 1978లో విశాఖ పోర్టులో ఖలాసీగా చేరారు. అప్పటికి ఔటర్ హార్బర్ మొదలై రెండేళ్లు. 2014లో రిటైరయ్యేదాకా ఎక్కువ కాలం ఆయన చేసింది ఒకటే పని. క్రేన్ కింద నిలబడి, పైన క్యాబిన్‌లో ఉన్న ఆపరేటర్‌కి చేత్తో సైగలు చెయ్యడం. చూపుడువేలు పైకి పెట్టి గుండ్రంగా తిప్పితే సరుకు పైకెత్తమని, ఖలాసీల భాషలో హాబేస్. వేలు కిందికి పెట్టి తిప్పితే దించమని, అది ఆరియా. ఎంత గట్టిగా అరిచినా ఇంజన్ల మోతలో, సముద్రపు గాలిలో పైవాడికి వినపడదు. అందుకని చెయ్యే నోరు. చెయ్యి చాపి, అరచెయ్యి కిందికి పెట్టి అడ్డంగా ఊపితే ఆపమని.

ఇక్కడొక నియమం ఉంది. నాన్న దాన్ని మాకు చిన్నప్పుడు అన్నం తినేటప్పుడు కూడా చెప్పేవారు. మిగతా సైగలన్నీ సిగ్నల్ ఇచ్చే మనిషి ఒక్కడే ఇవ్వాలి, ఆపరేటర్ ఇంకెవర్నీ పట్టించుకోకూడదు. ఆపే సైగ మాత్రం ఎవరిచ్చినా ఆపాల్సిందే. టీ పట్టుకొచ్చిన కుర్రాడిచ్చినా సరే. ముందు ఆపాలి, ఆ తర్వాత ఎందుకని అడగాలి.

పోయినేడాది ఫిబ్రవరిలో నాన్నకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట పడిపోయింది. అఫేసియా అన్నారు. మనం చెప్పేది ఆయనకి చాలావరకు అర్థమవుతుంది, ఆయన చెప్పాలనుకున్నది నోటికి రాదు. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే డాక్టర్ ఇలాంటి రోగినే చూశాడు. ఆ మనిషికి 'టాన్' అనే ఒక్క ముక్కే మిగిలింది. ఏమడిగినా అదే అనేవాడట, ఆసుపత్రిలో అందరూ ఆయన్ని ఆ పేరుతోనే పిలిచేవారట. మా నాన్నకి మిగిలిన మాట 'అదే'.

ఇప్పుడు మా ఇంట్లో అందరికీ ఆ 'అదే' భాష వచ్చేసింది. పొట్టిగా తెంచి 'అదే' అంటే అవును. 'అదేఏ...' అని సాగదీసి కళ్లు పెద్దవి చేస్తే మా అబ్బాయి ఏదో అల్లరి చేశాడని. గొంతు దించి గోడవైపు చూస్తూ అంటే అమ్మ గుర్తొచ్చిందని. మూడుసార్లు గబగబా అంటే బాత్రూముకి, ఆలస్యం చెయ్యొద్దని. మిగిలినదంతా ఎడమ చెయ్యి చెబుతుంది. కాఫీ ఇంకొంచెం కావాలంటే ఇప్పటికీ వేలు పైకి పెట్టి గుండ్రంగా తిప్పుతారు. హాబేస్!

అలాంటి మనిషికి ఈ ఊళ్లోనే రెండు చోట్ల జరిగింది చెబుతాను. ఆ ఆసుపత్రి పేరు, ఆ కార్యాలయం పేరు ఇక్కడ రాయను. వాళ్లకి ఇవ్వాల్సిన ఫిర్యాదులు వాళ్లకే ఇచ్చాను, జవాబు రాలేదు. అందుకే మీ అందరికీ రాస్తున్నాను.

మొదటిది ఆసుపత్రిలో. చచ్చుబడిన చేతికి సూది పెట్టకూడదని ఎడమ చేతికి సెలైన్ పెట్టారు. అది సరైన పనే, తప్పు పట్టను. కానీ ఆయన మాట్లాడేది ఆ చేత్తోనే. రాత్రి లోపల ఉండనివ్వరు కాబట్టి నేను వరండాలో పడుకున్నాను. అర్ధరాత్రి దాటాక సూది దగ్గర మంట మొదలైనట్టుంది. నాన్న చెయ్యి చాపి, అరచెయ్యి కిందికి పెట్టి, అడ్డంగా ఊపారు. ఒకసారి కాదు, చాలాసేపు. పక్క మంచం పెద్దావిడ చూసింది. వార్డులో వాళ్లకి మాత్రం ముసలాయన సెలైన్ పీకేసుకుంటున్నట్టు కనిపించింది. "ఏటి తాతా, కుదురుగా ఉండవేటి?" అని గాజుగుడ్డతో ఆ చెయ్యి తెచ్చి మంచం కడ్డీకి కట్టేశారు.

పొద్దున ఆరింటికి నేను వెళ్లేసరికి చెయ్యి మోచేతి దాకా వాచి, చర్మం బిగుసుకుపోయి మెరుస్తోంది. సెలైన్ నరంలోకి పోకుండా కండలోకి పోయింది. కేసు షీట్‌లో 'పేషెంట్ సహకరించడం లేదు' అని రాసి ఉంది. వాపు తగ్గడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ మా నాన్నకి నిజంగానే మాట లేదు.

నర్సమ్మకి చెడు ఉద్దేశం ఏమీ లేదు. ఒక్కతే అంతమందిని చూస్తోంది. పైగా సూది పీకేసుకునే రోగులు కూడా ఉంటారు, అది నేనూ చూశాను. నేననేది ఒకటే. ఆ సైగ చూసి ఒక్కసారి ఆగి, ప్లాస్టర్ దగ్గర వేలితో తాకి చూసి ఉంటే సరిపోయేది.

రెండోది పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్ కోసం, అంటే బతికే ఉన్నారని ఏటా చూపించాల్సిన కాగితం కోసం, నవంబరులో వెళ్లినప్పుడు. తాళ్లు, చెయిన్లు లాగి లాగి అరిగిపోయిన వేళ్లు కదా, వేలిముద్ర పడలేదు. అద్దం వెనకున్న ఆయన తల ఎత్తకుండానే "ఆయన్ని పేరు చెప్పమనండి" అన్నారు. మాట రాదండీ అన్నాను. "నోటితో చెప్పాలమ్మా, రూలు" అన్నారు. నాన్నకి మా సంభాషణంతా అర్థమవుతోంది. జేబులోంచి పాత పోర్టు ఐడీ కార్డు తీసి, అందులో ఫోటో మీద వేలు పెట్టి, అదే వేలు తన గుండెల మీద పెట్టుకున్నారు. ఇంతకన్నా స్పష్టంగా తన పేరు ఏ మనిషి చెప్పగలడు? ఆ చెయ్యి అద్దానికి ఇవతలే ఉండిపోయింది. నెక్స్ట్ అన్నారు.

ఇంటికొచ్చాక మా పక్కింటి అబ్బాయి ఫోన్లో జీవన్ ప్రమాణ్ ముఖం యాప్ పెట్టాడు. కళ్లు ఆర్పమని అడిగింది, నాన్న ఆర్పారు. బతికే ఉన్నారని ఫోన్ ఒప్పుకుంది. అప్పుడు నవ్వొచ్చింది గానీ రాత్రి పడుకున్నాక ఏడుపొచ్చింది.

ఇది మా ఒక్క ఇంటి గొడవైతే బహిరంగంగా రాసేదాన్ని కాదు. ఈ ఏడాదిన్నరలో ఆసుపత్రుల వరండాల్లో, ఆఫీసుల బెంచీల మీద కూర్చుని నేను గమనించినవి ఇవి.

1. తల ఊపితే అర్థమైందని మీరు రాసుకుంటున్నారు. మన దగ్గర తల ఊపడం ఒక రకం కాదు. పైకీ కిందికీ ఊపితే అవును, పక్కకి వాల్చితే సరే. కానీ పెద్దవాళ్ల ముందు, డాక్టర్ల ముందు ఊపే తలకి అర్థం 'వింటున్నాను బాబూ' అని మాత్రమే. పాడేరు, అరకు వైపు నుంచి పెద్దాసుపత్రులకి వచ్చేవాళ్లలో కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడేవాళ్లున్నారు. గబగబా చెప్పే మన తెలుగు వాళ్లకి సగమే అందుతుంది. అయినా తల ఊపుతారు. మర్యాద, భయం రెండూ కలిసిన ఊపు అది. మందుల కిటికీ దగ్గర "పొద్దున ఇది, రాత్రి ఇది, అర్థమైందా?" అంటే ఊపి, బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఆ కవర్లు అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్న ఒక తల్లిని చూశాను. రెండు కవర్లూ ఒకేలా ఉన్నాయి. ఒకదాని మీద సూర్యుడి బొమ్మ, ఇంకోదాని మీద చంద్రుడి బొమ్మ నా పెన్నుతో గీసిచ్చాను. ఈసారి కూడా తల ఊపింది, కానీ ఆ ఊపు వేరు.

2. 'పర్లేదు' అనే మాటని మీరు మాటగానే తీసుకుంటున్నారు. మన ఆడవాళ్లు, ముఖ్యంగా వయసైనవాళ్లు, నొప్పి ఎంతుందని అడిగితే పర్లేదు అంటారు. పొత్తికడుపు పట్టుకుని, పెదవి బిగించి, కుర్చీ అంచున కూర్చుని 'పర్లేదు బాబూ' అంటారు. నోటి మాటా ఒంటి తీరూ చెరో దారి పడితే ఇంట్లో మనమెవరమూ నోటిని నమ్మం. అన్నం తిన్నావా అంటే తిన్నానన్న పిల్లాడి ముఖం చూసి కంచం పెట్టేస్తాం. మరి కౌంటర్ దగ్గరికొచ్చేసరికి ఈ తెలివి ఎటు పోతోంది?

3. ముఖం చూడకపోవడం వల్ల మనిషి ముడుచుకుపోతాడు. అమెరికాలో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే సైకాలజిస్టు 1970ల్లో ఒక ప్రయోగం చేశాడు. పసిబిడ్డతో ఆడుతున్న తల్లిని రెండు మూడు నిమిషాలు ముఖంలో ఏ కదలికా లేకుండా ఉండమన్నాడు. బిడ్డ ముందు నవ్వుతుంది, చేతులు చాస్తుంది, శబ్దాలు చేస్తుంది. ఏదీ పనిచెయ్యకపోతే ముఖం తిప్పేసుకుంటుంది, ఏడుస్తుంది. పెన్షన్ కౌంటర్ దగ్గర మా నాన్న సరిగ్గా ఈ వరసలోనే చేశారు. ముందు ఆ ఉద్యోగిని చూసి నవ్వారు. తర్వాత అద్దం మీద వేలితో తట్టారు. తర్వాత కార్డు చూపించారు. చివరికి గోడవైపు తిరిగిపోయారు. డెబ్బై దాటిన మనిషి. ఆ రోజు నుంచి బయటికి రమ్మంటే 'ఊహూఁ' అన్నట్టు తల తిప్పేస్తున్నారు. ఫిజియోథెరపీకి తీసుకెళ్లడానికి కూడా పోరాటం అవుతోంది. ఒక చిన్న నిర్లక్ష్యానికి మేం కడుతున్న ఖరీదు ఇది.

4. వినపడనివాళ్ల సంగతి ఇంకా దారుణం. వాళ్లకి సొంత భాష ఉంది, భారతీయ సంజ్ఞా భాష. దాని కోసం 2015లో ఢిల్లీలో జాతీయ సంస్థ పెట్టారు. 2021లో వచ్చిన నిఘంటువులో 10,000 పదాలున్నాయి. మన వరండాల్లో మాత్రం వాళ్లతో మాట్లాడే పద్ధతి, గొంతు పెంచడం.

5. మీరు రోగిని వదిలేసి పక్కనున్నవాళ్లని అడుగుతారు. ఇందులో నా తప్పు కూడా ఉంది. "ఎలా ఉంది?" అని డాక్టర్ అడిగితే నాన్న నోరు తెరిచేలోపే నేను బాగానే ఉందండీ అనేసిన రోజులున్నాయి. ఒకసారి ఆయన ఎడమ చేత్తో నా మోకాలి మీద గట్టిగా కొట్టారు. అప్పటికి గానీ నాకు బుద్ధి రాలేదు.

ఇక్కడ ఒక మాట పక్కకెళ్లి చెప్పాలి. ద్వారకానగర్‌లో కోచింగ్‌కి వెళ్లే మా మేనల్లుడు ఈ సంగతులు విని "అత్తా, కమ్యూనికేషన్‌లో మాటల వాటా 7 శాతమే, గొంతు 38, ముఖం 55 అని మా క్లాసులో చెప్పారు, లెటర్లో అది రాయి" అన్నాడు. రాయను. ఆ లెక్క 1967లో ఆల్బర్ట్ మెహ్రాబియన్ చేసిన రెండు చిన్న ప్రయోగాల నుంచి వచ్చింది. ఒక్కొక్క పదాన్ని రకరకాల గొంతుల్లో వినిపించి, ముఖాల ఫోటోలు చూపించి, ఆ మనిషికి ఇష్టమా అయిష్టమా అని అడిగారు. ఇష్టాయిష్టాల విషయంలో మాటకీ గొంతుకీ ముఖానికీ పొత్తు కుదరనప్పటి లెక్క మాత్రమే అది. అన్ని మాటలకీ దాన్ని అంటగట్టొద్దని ఆయనే చెప్పాడు. అయినా ఊరూరా ట్రైనింగుల్లో చెబుతూనే ఉన్నారు. నిజంగా మాట విలువ 7 శాతమే అయితే మా నాన్నకి ఇంకా 93 శాతం మిగిలి ఉండాలి కదా! మాట పోతే ఎంత పోతుందో మా ఇంటికొచ్చి చూడండి.

కాబట్టి ముఖం చూసి మనసు చదివెయ్యమని నేను మిమ్మల్ని అడగడం లేదు. ముఖాలు మోసం చేస్తాయి. పక్షవాతంతో మూతి వంకర పోయినవాళ్లు నవ్వుతుంటే వెక్కిరిస్తున్నట్టు కనిపిస్తుంది. అఫేసియాలో అవును, కాదు కూడా తారుమారవుతాయి. మా నాన్న ఒక్కోసారి కాదనబోయి తల నిలువుగా ఊపేస్తారు, ఆయనకే తెలిసి నాలుక కరుచుకుంటారు. అందుకే ఒకటికి రెండుసార్లు అడగాలి. చూడండి, ఆగండి, అడగండి అంటున్నాను, అంతే. మన కూచిపూడిలో అభినయం నాలుగు రకాలంటారు. వాచికం, అంటే మాట, అందులో ఒకటి. ఆంగికం (ఒంటి కదలిక), ఆహార్యం (వేషం), సాత్త్వికం (లోపలి భావం) మిగతా మూడు. స్టేజీ మీద ఆ మూడూ చూసి చప్పట్లు కొట్టే ఊరికి, లైన్లో నిలబడ్డ మనిషిలో వాటిని చూడటం చేతకాని పనేమీ కాదు.

నోటితో చెప్పడమే రూలు అన్నవాళ్ల కోసం చట్టం సంగతి కూడా. 1885లోనే అలహాబాద్ హైకోర్టు ముందుకి ఒక కేసొచ్చింది. గొంతు కోతకి గురైన ఒక యువతి, మాట రాని స్థితిలో, అడిగిన పేర్లకి చేతి సైగలతో జవాబిచ్చి చనిపోయింది. ఆ సైగల్ని మరణ వాంగ్మూలంగా ఫుల్ బెంచ్ అంగీకరించింది. ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియం, 2023లోని 125వ సెక్షన్ కూడా మాట్లాడలేని సాక్షి రాసిగానీ, సైగలతోగానీ సాక్ష్యం చెప్పవచ్చంటుంది. దాన్ని నోటి సాక్ష్యంగానే లెక్కించాలంటుంది. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 ఇచ్చిన నిర్వచనంలో సైగలు, సంజ్ఞా భాష, బ్రెయిలీ, బొమ్మలు, రాత అన్నీ కమ్యూనికేషన్ కిందికే వస్తాయి. హత్య కేసులో చెల్లే సైగ పెన్షన్ కౌంటర్ దగ్గర ఎందుకు చెల్లదో ఎవరైనా నాకు రాతపూర్వకంగా చెప్పండి.

మా కోరికలు ఇవి. వీటిలో చాలావాటికి డబ్బు అక్కర్లేదు.

1. ప్రతి వార్డులో ఒక నియమం పెట్టండి. రోగి అరచెయ్యి చాపి ఊపినా, చెయ్యి వెనక్కి లాక్కున్నా, చేస్తున్న పని ముందు ఆపాలి. ప్రాణం మీదికొచ్చిన అత్యవసరం తప్ప దీనికి మినహాయింపు ఉండకూడదు. ఆపి, నొప్పి ఎక్కడో చూసి, అప్పుడు కొనసాగించండి. నలభై టన్నుల సరుకు గాల్లో వేలాడుతున్నప్పుడే ఆపగలిగితే ఒక సెలైన్ సీసాని ఆపలేమా?

2. మాట రాని రోగి చెయ్యి కట్టేసే ముందు ఇంటివాళ్లని పిలవండి. అలాంటి రోగి దగ్గర రాత్రిపూట కూడా ఒక మనిషిని ఉండనివ్వండి. కట్టాల్సే వస్తే ఎందుకు, ఎంతసేపు అన్నది కేసు షీట్‌లో రాయండి. 'సహకరించడం లేదు' అని రాసేముందు ఆయన ఏం చెప్పబోయాడో కనుక్కుని అది కూడా రాయండి.

3. ప్రతి వార్డులో, ప్రతి కౌంటర్‌లో ఒక బొమ్మల అట్ట పెట్టండి. నీళ్లు, నొప్పి, బాత్రూము, చలి, ఆకలి, మనిషి ఒళ్లు ముందూ వెనకా, అవును, కాదు. జిరాక్స్ షాపులో ప్రింట్ తీసి లామినేషన్ చేయిస్తే చాలు. కావాలంటే మొదటి పది నేను చేయించి ఇస్తాను.

4. కౌంటర్లలో వేలిముద్ర పడనివాళ్లకి ముఖంతో ధృవీకరణ ఉందని మీరే చెప్పండి, మీరే చేయించండి. సైగ, రాత, ఫోటో చూపించడం చెల్లుతాయని నోటీసు బోర్డు మీద పెట్టండి.

5. సంజ్ఞా భాష తెలిసిన దుబాసీ ఒకరినైనా జిల్లాలో ఏ ఆసుపత్రి, ఏ పోలీస్ స్టేషన్ పిలిచినా వీడియో కాల్‌లోకి వచ్చేలా ఏర్పాటు చెయ్యండి.

6. ముందు రోగిని అడగండి, తర్వాతే మమ్మల్ని. మేం మధ్యలో దూరితే ఆగమ్మా అనండి, ఏమీ అనుకోం.

7. మందులు, సంతకాల విషయంలో తల ఊపుని ఒప్పుకోలుగా తీసుకోకండి. ఎప్పుడు వేసుకుంటావో చూపించు అని అడగండి.

ఈ లేఖకి ముప్పై రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. ఏవి చేస్తారో, ఏవి చెయ్యలేరో విడివిడిగా చెప్పండి. చెయ్యలేమంటే కారణం చెప్పండి, వింటాను. మళ్లీ మౌనమే జవాబైతే మాలాంటి కుటుంబాలన్నిటినీ వెంటబెట్టుకుని, నాన్నని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టుకుని మీ ఆఫీసుల ముందుకొస్తాం. గోల చెయ్యం. మాలో సగం మందికి గోల చేసే నోరు లేదు కూడా.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఖలాసీ కూతురు,
కంచరపాలెం, విశాఖపట్నం

తా.క.: ఈ లేఖ పంపేముందు నాన్నకి మొత్తం చదివి వినిపించాను. మూడో కోరిక దగ్గర, బొమ్మల జాబితా చదువుతుంటే, చెయ్యి చాపి అడ్డంగా ఊపారు. ఆగాను. ఏం తప్పు రాశానో తెలుసుకోవడానికి పది నిమిషాలు పట్టింది. నీళ్లా? కాదు. కిటికీయా? కాదు. కరెంటా? 'అదే, అదే' అంటూ వేలు పైకి పెట్టి తిప్పుతుంటే నేను హాబేస్ అనుకుని ఆయన్ని లేపి కూర్చోబెట్టబోయాను, నా చెయ్యి తోసేశారు. చివరికి తల ఎత్తి పైకి చూశాను. దయచేసి ఆ అట్ట మీద ఫ్యాన్ బొమ్మ కూడా వేయించండి.